వింటే చాలు

తోట ఇల్లు
సోమవారం

పొట్టీ,

ఇక్కడ ఇద్దరం లేచి తిరుగుతున్నాం. అంతకంటే చెప్పుకోదగ్గ విశేషం లేదు. నారింజ పూత ఈసారి ముందే వచ్చింది. తోట యజమాని పొద్దున్నే వచ్చి తేనెపెట్టెల చుట్టూ తిరిగి, తేనెటీగలు బాగా పనిచేస్తున్నాయని మెచ్చుకుని వెళ్లాడు. ఆయన మెచ్చుకోవడం అంటే వాటికేదో తనే పని నేర్పినట్టు ఉంటుంది.

దీంతోపాటు మీ బావ వ్యాసం పంపుతున్నాను. మాటలు ఆయనవి, రాత నాది. బొటనవేలి మీద ఈగ కుట్టి చెయ్యి వాచింది, పెన్ను పట్టలేకపోతున్నారు. అరుగు మీద కూర్చుని ఆయన చెబుతుంటే నేను రాశాను. "ఇక్కడ చుక్క పెట్టాలా, కామా పెట్టాలా?" అని అడిగితే, "అది మీ చెల్లి చూసుకుంటుంది. జీతం తీసుకునేది అందుకే కదా" అన్నారు.

ఒక్క మాట. మీ సంపాదకుడు ప్రతిదాంట్లో సగం కోసేస్తాడనే కదా ఆయనకి కత్తెర అని పేరు పెట్టావు. ఈ వ్యాసం మాత్రం కోయకుండా వేయించు. మీ బావ ఎప్పుడూ అలా అడిగే మనిషి కాదు. ఈసారి పదేపదే అడిగారు.

నీ దగ్గు తగ్గిందా? ఆ ఆఫీసు కిటికీ తెరిపించుకో.

అక్క


పత్రిక ఆఫీసు, మేడ మీద
శుక్రవారం

అక్కా,

దగ్గు తగ్గలేదు, కిటికీ తెరుచుకోలేదు. రంగు వేసినప్పుడు రెక్కలు అతుక్కుపోయాయట. మా కత్తెరని అడిగితే "గాలి కావాలంటే మెట్ల దగ్గర నిలబడి దిద్దుకో" అన్నాడు.

కానీ విను. కత్తెర బావ వ్యాసం చదివి ఒక్క అక్షరం ముట్టుకోలేదు. ఇన్నేళ్లలో నేను చూడని వింత ఇది. "ఇదీ రాయడమంటే. మన పండితులంతా మందుల పేర్లు రాసి చంపుతారు" అని మొదటి పేజీలో వేయమన్నాడు. పేరు కూడా తనే పెట్టాడు, "వింటే చాలు" అని.

నాకు బాగా నచ్చిన ముక్క ఇది: "పెట్టెకి చెవి ఆనించి వేలితో ఒకసారి తట్టండి. చప్పుడు గబుక్కున లేచి గబుక్కున అణిగితే రాణి ఈగ ఉన్నట్టు, ఇల్లు సవ్యంగా ఉన్నట్టు. మూలుగులా సాగుతూ ఉంటే రాణి లేనట్టు. వెనకనుంచి పెట్టెను కొంచెం ఎత్తండి, తేనె ఎంతుందో మీ మణికట్టు చెబుతుంది. ఈగలు వచ్చిపోయే గుమ్మం దగ్గర వాసన పీల్చండి. ఇవి తెలిసినవాడికి మూత తీయాల్సిన పని లేదు. పదేపదే మూత తీసేవాడు ఈగల్ని పెంచడం లేదు, వేధిస్తున్నాడు."

దిద్దుతూ దిద్దుతూ నేనే బల్లకి చెవి ఆనించి తట్టాను. పక్క సీటాయన నాకేదో అయిందనుకున్నాడు.

బావ ఫొటో ఒకటి కావాలి. పెట్టె దగ్గర నిలబడి, తేనెపట్టు చట్రం చేత్తో పట్టుకుని చూస్తున్నట్టు ఉంటే బాగుంటుందని కత్తెర అడుగుతున్నాడు. వేలి వాపు తగ్గాక తీయించి పంపు.

పొట్టి


తోట ఇల్లు
పూత రాలాక

పొట్టీ,

ఫొటో లేదు. మీ బావకి ఇష్టం లేదు. నా మొహం చూసి ఈగల్ని పెంచేవాడెవడు అంటున్నారు.

పత్రిక వచ్చింది. మొత్తం చదివించుకున్నారు. అయ్యాక మళ్లీ మొదటినుంచి చదవమన్నారు. పక్క తోటలో పెట్టెలు పెట్టుకున్న పొడుగాయన తెలుసు కదా, గుమ్మంలోకి వచ్చేటప్పుడు తల వంచాల్సిన మనిషి. ఆయన ఆ పత్రిక చంకలో పెట్టుకుని మర్నాడే వచ్చాడు. మా పెట్టెల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చెవి ఆనించి తట్టాడు.

"వినబడిందా?" అన్నారు మీ బావ.

"వినబడింది గురువుగారూ. ఉస్సుమని ఆగిపోయింది."

"అంతే. ఇక నీకు మూతతో పనేముంది?"

"ఇన్నాళ్లూ అనవసరంగా కుట్టించుకున్నానన్నమాట" అని పొడుగాయన నవ్వాడు. మీ బావ కూడా నవ్వారు. ఆ నవ్వు విని చాలా రోజులైంది.

ఇంకా ఎవరెవరో వస్తున్నారు. తేనె సంఘంవాళ్లు కుర్రాళ్లకి పని చూపించమని అడిగారు. చూపించడం లేదు, అరుగు మీద కూర్చోండి, నోటితో చెబుతానన్నారు. వాళ్లకి అదీ గొప్పగానే ఉంది.

సైకిలు ఇచ్చేశాం. ఆయనకి మోకాలి నొప్పి. నడక మంచిదని నేనే అన్నాను.

అక్క


నా గది
ఆదివారం

అక్కా,

ఇది ఆఫీసులో కూర్చుని రాయలేక ఇంటి దగ్గర రాస్తున్నాను.

బావ వ్యాసాలన్నీ కలిపి చిన్న పుస్తకం వేద్దామని కత్తెర పాత సంచికలు నా బల్ల మీద పడేశాడు. అన్నీ నేను దిద్దినవే. వరసగా చదువుకుంటూ వచ్చాను. ఒకదాంట్లో పొద్దుతిరుగుడు పుప్పొడి ముదురు పసుపు, ఆవపువ్వుది నిమ్మపండు రంగు అని రాశాడు. ఇంకోదాంట్లో కొత్త మైనం పాల మీగడలా ఉంటుంది, పాతబడితే కాఫీ రంగుకి తిరుగుతుంది అని. గుడ్డు మొదటిరోజు మైనపు గదిలో నిటారుగా నిలబడుతుంది, తర్వాత వాలుతుంది, భూతద్దం పెట్టుకునైనా చూడండి అని. ప్రతి వ్యాసంలో "చూడండి" అన్న మాట ఎన్నిసార్లు వస్తుందంటే, నేనే విసుగుపుట్టి కొన్ని కొట్టేసేదాన్ని.

చివరికి "వింటే చాలు" దగ్గరికి వచ్చాను. అందులో ఒక్క రంగు లేదు అక్కా. తెలుపు అన్న మాట కూడా లేదు. వినండి, ఎత్తండి, తాకండి, పీల్చండి. చూడండి అన్నది ఎక్కడా లేదు.

అప్పుడు నీ ఉత్తరాలు తీసి మళ్లీ చదివాను. తేనెటీగ కుడితే బావకి దోమ కుట్టినంత. దానికి చెయ్యి వాచి పెన్ను పట్టలేకపోవడమేంటి? ఫొటో వద్దన్నాడు. చదివించుకున్నాడు. సైకిలు ఇచ్చేశాడు.

బావకి కళ్లు కనబడుతున్నాయా?

రావద్దంటే రాను. అబద్ధం మాత్రం రాయకు.

పొట్టి


తోట ఇల్లు
గురువారం

పొట్టీ,

కనబడటం లేదు.

పోయిన ఎండాకాలంలో మొదలైంది. ముందు పక్కలు పోయాయి. పక్కనుంచి వచ్చి పలకరిస్తే ఉలిక్కిపడేవారు. తర్వాత మధ్యలో కూడా పొగ పట్టినట్టయింది. కంటి డాక్టరు, నరం ఎండిపోతోంది, పోయింది తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవడానికి చుక్కలు వేసుకోండి అన్నాడు. వేస్తున్నాను. ఇప్పుడు వెలుగూ చీకటీ తెలుస్తాయి. మనిషి ఆకారం తెలుస్తుంది, ఎవరో తెలియదు. గొంతు విని పేరు పెట్టి పలకరిస్తారు. అందుకని ఎవరూ పట్టుకోలేదు.

ఎవరికీ చెప్పకు. ఈ ఇల్లు ఈగల్ని చూసుకునేవాడికని యజమాని ఇచ్చింది. ఈగల్ని చూడలేనివాడికి ఎందుకిస్తాడు?

తన బదులు పెట్టెలు చూసుకోవడం నాకు నేర్పడానికి ఆ వ్యాసం రాయించారని నువ్వు అనుకుంటున్నావేమో. నేనూ మొదట అలాగే అనుకోవాలని చూశాను. అది కాదు. అంతకుముందే, "నేను మీకు కళ్లుగా ఉంటాను" అని ఆయనతో అన్నాను. ఒకరోజు వల ముసుగు వేసుకుని పొగ పెట్టి నేనే పెట్టె తెరిచాను. ఆయన పక్కన నిలబడ్డారు.

"గుడ్లున్నాయా?"

"తెల్లగా ఏవో ఉన్నాయి."

"ఏవో ఏంటి? నిలబడ్డాయా, వాలాయా?"

"సన్నగా ఉన్నాయండీ. దారపు ముక్కల్లా."

"అడిగింది అది కాదే. నిలబడ్డాయా?"

నాకు చెప్పడం రాలేదు. ఈగలు చేతులమీద పాకుతున్నాయి. ఆయన తడుముకుంటూ వచ్చి నా చేతిలోంచి చట్రం లాక్కుని లోపల పెట్టి మూత వేశారు. వేళ్ల కింద ఈగలు నలిగాయి. ఆ చప్పుడు ఇద్దరికీ వినబడింది. ఇన్నేళ్లలో ఆయన చేతికింద ఒక్క ఈగ చావడం నేను చూడలేదు.

మర్నాడు పొద్దున్నే "కాగితం తెచ్చుకో" అన్నారు. చూడలేకపోతున్నానని చెప్పుకోలేక, చూడక్కర్లేదని రాయించారు. రాస్తున్నప్పుడే నాకు తెలుసు. అయినా రాశాను. చెబుతున్నంతసేపూ ఆయన మళ్లీ ఎప్పటి మనిషిలాగే ఉన్నారు పొట్టీ.

రావద్దు. నువ్వు వస్తే నీకు తెలిసిందని ఆయనకి తెలుస్తుంది.

అక్క


పత్రిక ఆఫీసు
మంగళవారం

అక్కా,

రాను. ఎవరికీ చెప్పలేదు.

కానీ ఇంకోటి చెప్పాలి, ఎలా చెప్పాలో తెలియడం లేదు. ప్రశ్నలు జవాబుల శీర్షికకి వచ్చే ఉత్తరాలు ముందు నేనే విప్పుతాను. బావ వ్యాసం చదివి మూతలు తీయడం మానేశానని ఒకాయన రాశాడు. చెవి ఆనిస్తే బాగానే వినబడేదట. బరువూ బాగానే ఉండేదట. ఒకరోజు ఈగలన్నీ లేచిపోయాయి. అప్పుడు తెరిస్తే పిల్ల పురుగులన్నీ గదుల్లోనే నీళ్ల సంచుల్లా అయిపోయి ఉన్నాయట. అదేంటి, ఏం చెయ్యాలి అని అడిగాడు.

మా పాత సంచికల్లో వెతికాను. దాన్ని సంచి తెగులు అంటారు. దానికి మందు లేదు. మొదట్లోనే కంటితో చూసి, పట్టిన చట్రాలు తీసి కాల్చేస్తే మిగతావి దక్కుతాయి. మొదట్లో దానికి చప్పుడు లేదు, వాసన లేదు. చెప్పింది ఎవరో తెలుసా? బావే. నాలుగేళ్ల కిందటి వ్యాసం. నేనే దిద్దాను.

నిన్న అలాంటి ఉత్తరమే ఇంకొకటి వచ్చింది. ఈరోజు ఒకటి.

మీ పెట్టెలు తెరువు అక్కా. గుడ్ల సంగతి వదిలెయ్. నీళ్ల సంచిలా ఉందా లేదా, అంతే చూడు.

పొట్టి


తోట ఇల్లు
బుధవారం

పొట్టీ,

మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే తెరిచాను.

ఉంది. గడ్డిపుల్లతో లేపితే పురుగు మొత్తం సంచిలా లేచి వచ్చింది, లోపల నీళ్లు కదులుతున్నాయి. తల మాత్రం నల్లగా ఉంది. పక్క పెట్టెలోనూ అంతే. ఆ పక్కదాంట్లోనూ. అన్నీ తెరవలేకపోయాను. అంత జరుగుతున్నా గుమ్మం దగ్గర ఈగలు వస్తున్నాయి, పోతున్నాయి. తట్టి చూశాను. ఉస్సుమని లేచి ఆగిపోయింది. ఆయన రాయించినట్టే.

లేచాక చెప్పాను. నమ్మలేదు. తడుముకోకుండానే విసవిసా నడిచి వెళ్లి చెవి ఆనించారు.

"బాగానే ఉందే."

"లోపల బాగా లేదండీ."

"నీకేం తెలుసు?"

ఒక పురుగుని ఆయన అరచేతిలో పెట్టాను. వేలితో తడిమారు. అది చితికి చెయ్యి తడి అయింది. "ఇది ఎంతమంది చదివారు?" అని అడిగారు. నాకు తెలియదన్నాను. నీకు తెలిసే ఉంటుంది. రాయకు.

పొడుగాయన పెట్టెలు మొత్తం పోయాయి. సాయంత్రం వచ్చి, "నా చెవి ఇంకా పదును పెట్టుకోవాలి గురువుగారూ, ఏదో విననట్టున్నాను" అన్నాడు. తప్పు తన చెవిదే అనుకుంటున్నాడు. మీ బావ చెయ్యి పంచెకి మళ్లీ తుడుచుకున్నారు. నేను లోపలికి వెళ్లిపోయాను.

ఏదైనా చెయ్యి. ఆయన పేరు రాకుండా ఏదైనా చెయ్యి.

అక్క


పత్రిక ఆఫీసు
శనివారం

అక్కా,

చేశాను, జరగలేదు. "వ్యాధి లక్షణాలు తెలుసుకోవడానికి తరచూ మూత తీసి చూడాలి" అని చిన్న సవరణ రాసి కత్తెర బల్ల మీద పెట్టాను.

"ఇదెవరు చెప్పారు?" అన్నాడు.

"పాత సంచికలో ఉంది సార్."

"రాసినవాడు మూత తీయొద్దంటాడు, దిద్దేదానివి నువ్వు తీయమంటావా? ఆయన పెట్టెలు ఆయన చూసుకోవడం లేదా? ఆయన చేత రాయించుకు రా, రేపే వేస్తాను."

ఉన్న సంగతి చెబితే చాలు, వెంటనే వేస్తాడు. చెబితే మీ ఇల్లు పోతుంది. చెప్పకపోతే రోజూ ఇంకొకరి పెట్టెలు పోతాయి. ఈ వారం వచ్చిన ఉత్తరాలు విప్పకుండా సొరుగులో పెట్టాను. సొరుగు లాగితే చాలు, పైకి కనబడుతున్నాయి.

నేను చెప్పను అక్కా. చెప్పమని నిన్ను అడగలేను. బావని అడగగలిగేదానివి నువ్వొక్కదానివే. అడగమని కూడా అనలేకపోతున్నాను.

పొట్టి


తోట ఇల్లు
సోమవారం

పొట్టీ,

అడగలేదు. నీ ఉత్తరాలు చదివి వినిపించాను, అంతే. నీకు తెలుసన్న సంగతి కూడా అలాగే తెలిసింది. కోప్పడలేదు. "రంగులు లేవని పట్టుకుందా? గడుసుది" అన్నారు. మధ్యాహ్నం దాకా అరుగు మీదే ఉన్నారు. తర్వాత కాగితం తెచ్చుకోమన్నారు. చెప్పింది ఇంతే. పేరు ఏం పెడతారో మీ ఇష్టమట.

"మూత తీయవద్దని నేను రాశాను. నాకు కళ్లు కనబడటం లేదు కాబట్టి అలా రాశాను. ఆ సంగతి దాచాను. చెవికి అందని తెగులు ఒకటి ఉందని నాకు ముందే తెలుసు. చూసే దారి లేక దాన్ని వదిలేశాను. నా పెట్టెలు పోయాయి. నన్ను నమ్మినవాళ్ల పెట్టెలు పోయాయి. మీకు కళ్లున్నాయి. మూత తీసి చూడండి."

నేను "అలా రాశాను" తర్వాత ఆగి, ఇంకేమైనా చెబుతారా అన్నాను. ఏముంది చెప్పడానికి అన్నారు.

పత్రిక రాకముందే యజమానికి చెప్పుకుని వచ్చారు, నన్ను తోడు తీసుకుని. ఆయన చెడ్డవాడు కాదు. కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. పాపం పాపం అన్నాడు. వచ్చే పూతకి కొత్తవాణ్ణి పెట్టుకోవాలి కదా, వాడికి ఇల్లు కావాలి కదా అన్నాడు. కావాలి మరి, అన్నారు మీ బావ. మీ బావ తమ్ముడి ఇంటి వెనక గది ఖాళీగా ఉంది. అక్కడికి వెళ్తాం.

పట్టిన చట్రాలన్నీ కాల్చేశాం. మైనం కాలితే వాసన బాగుంటుంది. అదొకటి.

అక్క


పత్రిక ఆఫీసు
నెలాఖరు

అక్కా,

వేశారు. ఒక్క మాట మార్చలేదు, మొదటి పేజీలోనే వేశారు. ఆ మాటలు దిద్దేటప్పుడు పెన్ను పెట్టబుద్ధి కాలేదు.

ఉత్తరాలు వస్తున్నాయి. కట్టలుగా వస్తున్నాయి. తిడతారనుకున్నాను. తిట్టినవాళ్లు ఇద్దరో ముగ్గురో. మిగతావాళ్లంతా మెచ్చుకుంటున్నారు. కళ్లు లేకుండానే ఇంత తెలుసుకున్న మహానుభావుడట. అలాంటి చెవి ఎవరికుందట. "వింటే చాలు" మళ్లీ వేయమని అడుగుతున్నారు, గోడకి అంటించుకుంటారట. కత్తెర పుస్తకం పనికి తొందరపెడుతున్నాడు. అందులో మొదటి వ్యాసం అదే ఉండాలంటున్నాడు.

"సార్, ఆయన తప్పని రాశాడు కదా" అన్నాను.

"అదీ వేద్దాం. వెనక వేద్దాం" అన్నాడు.

జవాబులు రాస్తున్నాను. ఒక్కొక్కరికీ, తీసి చూడండి, తీసి చూడండి అని. బావతో ఇదంతా చెప్పకు.

పొట్టి


తమ్ముడిగారి ఇల్లు, వెనక గది
ఆదివారం

పొట్టీ,

చేరాం. గది చిన్నదే గానీ గాలి వస్తుంది. గుమ్మం ఎక్కడుందో మీ బావ చేతికి ఇంకా అలవాటు కాలేదు.

బయల్దేరే ముందు పొడుగాయన వచ్చాడు. మళ్లీ కొత్తగా రెండు పెట్టెలు తెచ్చుకున్నాడట. ఆ పత్రిక తనూ చదివాడు. మీ బావ చెయ్యి పట్టుకుని ఏడ్చాడు.

"తెరిచి చూస్తున్నావా?" అన్నారు మీ బావ.

"ఎందుకు గురువుగారూ? మీరు నేర్పింది ఉందిగా. ఈసారి జాగ్రత్తగా వింటున్నాను."

మీ బావ నన్ను అక్కడికి తీసుకెళ్లమన్నారు. సామాను బండి ఎక్కించి ఉంది, అయినా తీసుకెళ్లాను. పెట్టె ముందు నిలబడి, ముసుగు లేకుండా, తడుముకుని తనే మూత తీశారు. తనే చట్రం పైకి లాగి వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. ఒక్క ఈగ నలగలేదు.

"చూడు" అన్నారు.

పొడుగాయన కళ్లు మూసుకుని, తల వంచి చట్రం దగ్గర చెవి పెట్టాడు.

"కనబడిందా?" అన్నారు మీ బావ.

"ఆఁ, గురువుగారూ."

మీ బావ మొహం తేలికపడింది. ఇన్ని నెలల్లో మొదటిసారి. నేనేమీ చెప్పలేదు.

అక్క